స్వయంగా అతుక్కునే రబ్బరు: గుళిక నుంచి బంధం దాకా

2001లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎపాక్సీలో సూక్ష్మ గుళికలను పొదిగారు. పగులు గుళికను చీల్చగానే అందులోని ద్రవం ఉత్ప్రేరకాన్ని తాకి గట్టిపడి ఆ పగులును పూడ్చేది. అయితే గుళిక ఒకసారి ఖాళీ అయ్యాక, అదే చోట కలిగే రెండో గాయానికి మందు లేదు.

అసలు మలుపు పారిస్‌లో వచ్చింది. 2008లో లుడ్విక్ లైబ్లర్ బృందం కొవ్వు ఆమ్లాలు, యూరియాల నుంచి రూపొందించిన సాగే రబ్బరులో అణువులను కలిపి ఉంచినవి హైడ్రోజన్ బంధాలు. కోసిన అంచులను ఆనించి ఉంచితే, వేడి చేయకుండానే, అవి మళ్లీ ఏర్పడతాయి, అదీ పదేపదే.

కానీ ధరించే ఎలక్ట్రానిక్ పరికరాలకు విద్యుద్వాహకత కూడా కావాలి. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం ఇటువంటి పాలిమర్‌లో నికెల్ రేణువులు కలిపింది. తెగినచోట సుమారు 15 సెకన్లలో 90 శాతం వాహకత తిరిగివచ్చింది. చిక్కల్లా ఒకటే: నికెల్ పెరిగేకొద్దీ అణువుల కదలిక తగ్గి అతుకు బలహీనపడుతుంది.