అవ్వ రాసిన నారేయణ

మా అవ్వ పోయి పదకొండో దినం అయినాక ఆమె ట్రంకుపెట్టె తెరిచినాము. రెండు నూలు చీరలు, పాత మందుల చీటీలు, అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటి. బుక్కు నిండా కైవారం తాతయ్య తత్వాలు. మాట తెలుగు, అక్షరం కన్నడ. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని తిప్పితిప్పి చూసి, "ఇది తెలుగేనా?" అని అడిగినారు. చదివి వినిపిస్తే గాని నమ్మలేదు.

మన తట్టు ఇది వింత కాదు. చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపుర, ముళబాగిలు చుట్టుపక్కల ఎన్నో ఊర్లలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడ. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ, 1956లో భాషల లెక్కన రాష్ట్రాల గీతలు మళ్ళీ గీసినప్పుడూ కోలారు జిల్లా మైసూరులోనే నిలిచింది. అవ్వ చదివిన నాలుగు క్లాసులూ కన్నడమే, మేము చదివిందీ కన్నడమే. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. ఒకప్పుడు రెండిటికీ ఒకే లిపి. అచ్చు వచ్చినాక తేడా ఇంకా గట్టిపడింది. తలకట్టు తీరు తెలిస్తే ఇప్పటికీ చాలా అక్షరాలు పోల్చుకోవచ్చు. అందుకే కన్నడ అక్షరాల్లో తెలుగు రాసుకోవడం అవ్వకు అరువు సొమ్ము అనిపించలేదు. కైవారంలో దొరికే తాతయ్య పాటల పుస్తకాల్లోనూ తెలుగు పాటలు కన్నడ లిపిలోనే ఉంటాయి.

దూరాన ఉండే మనవాళ్ళ కోసం తాతయ్య గురించి రెండు మాటలు. కైవారం ఇప్పటి చిక్కబళ్ళాపుర జిల్లా చింతామణి తాలూకాలో ఉంది. 2007 దాకా అది కోలారు జిల్లానే. తాతయ్య అసలు పేరు నారాయణప్ప. 1726లో పుట్టి, 110 ఏండ్లు బతికి, 1836లో సమాధి అయినారని సంప్రదాయం చెప్తుంది. కులవృత్తి గాజుల వ్యాపారం. మలారం భుజాన వేసుకొని ఊరూరూ తిరిగినా వ్యాపారం అబ్బలేదట, ఇంట్లో మాటలు పడినాడట. పరదేశి స్వామి అనే గురువు నోట్లో ఒక గులకరాయి పెట్టుకొని అష్టాక్షరి జపించమని చెప్పినాడనీ, కొండ గుహలో కూర్చుని జపిస్తే ఆ రాయి కలకండ అయిందనీ కథ. కన్నడంలో కలకండను కల్లుసక్కరె అంటారు, రాతి చక్కెర అన్నమాట. ఆంధ్రా చుట్టాలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాట వాడితే "కల్లా?" అని నవ్వుతారు, జాగ్రత్త. తర్వాత ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాటలు కట్టినాడు, కాలజ్ఞానం చెప్పినాడు. బ్రహ్మంగారిది వేరే, ఇది వేరే.

తాత పోయినప్పుడు అవ్వ చేతి గాజులు తీసేసినారు. అప్పటి నుంచి ఆమె శనివారం భజనకు పోవడం మొదలుపెట్టింది. నోటుబుక్కు మొదటి పేజీలో ఉన్న తేదీ ఆ సంవత్సరందే. గాజులమ్మిన తాతయ్య పాటలు, గాజులు లేని చేతితో రాసుకుంది. ఇది మేము ఇప్పుడు అనుకుంటున్న మాట. ఆమె ఎప్పుడూ అట్ల అనలేదు. "పొద్దు పోతాది, అందుకే పోతాండా" అనేది.

అవ్వ పోయిన రాత్రి ఆ భజన వాళ్ళే వచ్చి తెల్లారిందాకా పాడినారు. హార్మోనియం, కంజీర, తాళాలు. మేము ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడ, ఒకరితో ఒకరం సగం సగం మాట్లాడే వాళ్ళం. ఆ రాత్రి ఏడుపుకు మాత్రం అందరికీ తెలుగే వచ్చింది.

తర్వాత మేము చేసిన తప్పు చెప్పాలి. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఉండాల్సింది ఒకటి, ఉన్నది ఒకటి అయితే పట్టుకోవడమే మా జీతం. పెద్దయినాక నేర్చుకున్న తెలుగు అక్షరాలతో ఆ పాటలన్నీ కంప్యూటరులో ఎక్కించినాము. 'యాడ'ను 'ఎక్కడ' చేసినాము, 'ఉండాది'ని 'ఉన్నది' చేసినాము. అవ్వ పేజీ పేజీలో 'నారేయణ' అని రాసి ఉంటే, పాపం స్పెల్లింగు తెలియలేదని, అన్నిటినీ ఒక్క దెబ్బకు 'నారాయణ'గా మార్చినాము.

సంవత్సరీకం నాడు అత్త పాడడానికి కూర్చుంది. అత్తకు తెలుగు అక్షరం రాదు. హైదరాబాదు మరదలు మా కాగితం చూసి అందిస్తా ఉంటే అత్త పాడింది. రెండో పాదంలో తాళం తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే తప్పింది. 'యాడ' ఉండే చోట 'ఎక్కడ' పట్టదు కదా. అత్త తాళాలు కింద పెట్టేసి, "ఇది మా అమ్మ పాట కాదు కదరా" అనింది. ఇంక 'నారాయణ' సంగతి ఎత్తితే, "నారాయణ గుళ్ళో దేవుడు. నారేయణ మన తాతయ్య. అదీ తెలీదా మీకు?"

ఆ ఆషాఢంలోనే గురుపూర్ణిమకు కైవారం పోయినాము. బెంగళూరు నుంచి హొసకోటె మీద సుమారు రెండు గంటలు. చిన్నప్పుడు అవ్వ చెయ్యి పట్టుకొని ఎన్నోసార్లు పోయిన ఊరే. మఠం పేరే యోగినారేయణ మఠం. బోర్డు మీద 'రే' అక్షరం అంత పెద్దగా ఉంది. ఇన్ని సార్లు దాని కింది నుంచి నడిచి, ప్రసాదం తిని, ఒక్కసారీ చదవలేదు. మరదలు ఏమీ అనలేదు, ఫోటో మాత్రం తీసి ఇంటి గ్రూపులో పెట్టింది.

ఇంటికి వచ్చి మార్చినవన్నీ వెనక్కి తిప్పుదామంటే అదీ సులభం కాలేదు. అవ్వ జపం రాసిన చోట సరిగ్గా 'నారాయణాయ' అనే రాసింది, తాతయ్యను పిలిచిన చోట 'నారేయణ' అని రాసింది. తేడా తెలిసే రాసింది. ఒక్క దెబ్బకు మార్చిన మాటలను ఒక్కొక్కటే నోటుబుక్కు పక్కన పెట్టుకొని సరిచేస్తున్నాము. ఇప్పటికి సగం అయింది. ఒక పేజీలో నీళ్ళు పడి మూడు పాదాలు కరిగిపోయినాయి. ఆ చోటు ఖాళీగానే వదిలినాము. అత్తకు అవి నోటికి వస్తాయంట, దసరాకు వచ్చినప్పుడు పాడి రాయిస్తానని చెప్పింది.