గెలాక్సీల పుట్టుక: పాతబస్తీ నుంచి ఒక దారి

హైదరాబాద్ పాతబస్తీలో యాకుత్‌పురాకు దగ్గర్లోనే ఫిసల్‌బండ. పైగా ప్రభువంశానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ సంస్థ దూరదర్శినిని తెప్పించి 1901లో అక్కడ వేధశాల పెట్టారు. నిజాం పేరు మీద అది నిజామియా అయింది. 1907లో నవాబు పోయాక సర్కారు చేపట్టి బేగంపేటకు మార్చింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పట్టిక రాసే అంతర్జాతీయ పనిలో హైదరాబాద్‌ వాటాగా లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

నక్షత్రాల పట్టిక నుంచి గెలాక్సీల పుట్టుక దాకా ఈ ఊరిని నడిపించినవారు ఉస్మానియా ఆచార్యులు సాలే మహ్మద్ అలాదీన్. షికాగోలో డాక్టరేట్ చేసిన ఆయన, గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టి 1965లో 'ఆస్ట్రోఫిజికల్ జర్నల్'లో ప్రచురించారు. నా దృష్టిలో ఈ ఊరి ఖగోళ చరిత్రలో అంతకు మించిన పత్రం లేదు. రెండు గెలాక్సీలు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయినా నక్షత్రాలు దాదాపు తగులుకోవు, వాటి మధ్య ఎడం అంత ఎక్కువ. కానీ ఒకదాని ఆకర్షణ రెండోదాన్ని సాగదీసి, లోపలి నక్షత్రాల్లో కదలిక పెంచుతుంది. ఆ శక్తి గెలాక్సీల ప్రయాణ వేగం నుంచే రావాలి. వేగం మరీ తగ్గితే ఇక విడిపోలేవు, కలిసి ఒకటవుతాయి.

కృష్ణ పదార్థం, అంటే వెలుగు ఇవ్వక కనబడకుండా ఉండే పదార్థం, సంగతి అప్పటికి తేలలేదు. 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుంపులో కనబడని బరువు ఉందన్నా ఎక్కువమంది చెవిన పెట్టలేదు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా తిరిగే తీరు కొలిచి చూస్తే, వెలుగు పలచబడిన అంచుల్లోనూ వేగం తగ్గలేదు, అంటే అక్కడా కనబడని పదార్థం ఉండాలి. 1978లో సైమన్ వైట్, మార్టిన్ రీస్ పుట్టుక క్రమం చెప్పారు. ముందు కృష్ణ పదార్థం తన ఆకర్షణకే ముడుచుకుని పరివేషాలుగా (హేలోలు) ఏర్పడుతుంది. వాటిలో పడిన వాయువు వేడెక్కి, ఆ వేడిని వెలుగుగా వదిలేసి, చల్లబడుతూ నడిమికి దిగి నక్షత్రాలవుతుంది. కృష్ణ పదార్థం వెలుగు వదలదు, అందుకే చల్లారదు, అంతకు మించి కుంచించుకుపోదు. గెలాక్సీ చిన్నదిగా, దాని చుట్టూ పరివేషం అంత విశాలంగా ఉండటానికి కారణం ఇదే.

చిన్న పరివేషాలు పెద్దవాటిలో కలుస్తూ పోతాయి. వాటితోపాటు వచ్చిన గెలాక్సీలు ఆ కనబడని పదార్థం గుండా సాగుతూ వేగం పోగొట్టుకుని కేంద్రం వైపు జారతాయి. అలాదీన్ గారు లెక్కగట్టిన శక్తి మార్పిడే ఇక్కడా పనిచేస్తుంది, పరివేషం వల్ల ఇంకా బలంగా.

ఆయన 2011లో కన్నుమూశారు. 1965 నాటి ఆ పత్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భౌతికశాస్త్రం చదివే మన పిల్లల చేత తప్పక చదివించండి.