కవిలెలు – కైఫీయతులు

గ్రామకరణముల యిండ్ల అటకలపై తాటాకు కట్టలుగా నుండిన దండకవిలెలు, ఊరి పుట్టుపూర్వోత్తరములను, దేవాలయములకును అగ్రహారములకును రాజులిచ్చిన మాన్యములను, చెఱువుల కట్టడములను, దండయాత్రలను, క్షామములను తమయందు దాచుకొనియుండియు, కొన్ని చెదలకును, కొన్ని అగ్నికిని, తక్కినవి వారసుల యుపేక్షకును లోనై, నామమాత్రావశిష్టములైనవి. వానిలోని విషయము కొంతయైనను నేడు మనకు లభించుచున్నదన్నచో, మూలము పోకమున్నే ప్రతులు వ్రాయించిన కాలిన్ మెకంజీ చలువయే అది. నా యెఱిగినంతలో, అంతకంటె నధికముగా, ఆతని కొలువుననుండిన యేలూరి నియోగులు కావలి సోదరుల చలువ.

స్కాట్లాండునందలి లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో కంపెనీ కొలువునకు వచ్చి, 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరలైన మెకంజీకి దేశభాషలు రావు. ఆతనికి నోరును కన్నును అయినవాడు కావలి వెంకట బొఱ్ఱయ్య. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించి, ఊరూరికి గుమాస్తాలను పంపెను. కవిలె చూపుమనగనే కరణములు జంకిరి; సర్కారువారు కవిలె యడుగుట మాన్యములూడ బెఱుకుటకే యని వారి శంక. ఆ శంక నిర్హేతుకమని యెవ్వడనగలడు?

ఆ గుమాస్తాలు వ్రాసి తెచ్చిన గ్రామవృత్తాంతములే కైఫీయతులు. గుంటూరు సీమ కైఫీయతు నొకదానిని విప్పినచో, మౌజే పేరు, సర్కారు ముర్తుజానగరు అను మకుటముతో నారంభమై, మునులో దేవతలో ప్రతిష్ఠించిన లింగముతో కథ మొదలై, గజపతులు, రెడ్లు, కృష్ణదేవరాయలు, మొగలాయీ అమలు క్రమముగా గడచి, ఫసలీ 1122లో, అనగా 1712లో, కొండవీటి సీమ జమీందారులకు వంతులైనప్పుడు ఆ గ్రామ మెవరి పాలబడెనో చెప్పును. పుక్కిటి పురాణములని వీనిని త్రోసివేయు చరిత్రకారులు కలరు. పురాణమును పన్నుల లెక్కయు నేరివేయక యొక్కచో నుంచుటయే వీని గుణమని నా మతము.

1821లో మెకంజీ మరణింపగా, ఆతని సంగ్రహమును కంపెనీవారు లక్షరూపాయలకు కొనిరి. 1828లో విల్సన్ పండితుడు దానికి పట్టిక ప్రకటించెను. పని కొనసాగింతునన్న లక్ష్మయ్య యోగ్యతను మాత్రము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు శంకించి, ఆతని ప్రార్థనను త్రోసిపుచ్చిరి. కాగితములును కాలక్రమమున శిథిలములగుచుండగా, బ్రౌనుదొర వానికి మరల ప్రతులు వ్రాయించెను. లోకల్ రికార్డ్సు అని పేర్కొనబడు సంపుటములవియే. కావున కైఫీయతుల నేడు చదువువారు పెక్కుచోట్ల చదువుచున్నది ప్రతికి ప్రతినే.