రాతి మీద అడవి మాట

ప్రపంచ చరిత్ర పాఠం మొదలుపెట్టగానే మనం పిల్లలకు నదుల పేర్లు చెబుతాం. టైగ్రిస్, యూఫ్రటీస్, నైలు, సింధు. నది ఒడ్డున ఊరు, ఊరి చుట్టూ గోడ, గోడ లోపల రాజు, గుడి, ధాన్యపు కొట్టు. ఆ తరువాత సామ్రాజ్యాలు, మతాలు. అక్కడితో పాఠం అయిపోతుంది. ఆ గోడ అవతల, ఆ నదులు పుట్టిన కొండల మీద ఎవరున్నారో పుస్తకంలో ఉండదు. మన పిల్లలు చదువుతారు, పరీక్ష రాస్తారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. కానీ ఆ కథ తమది కాదని ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోతుంది.

అడవి జనం గురించి పాత సామ్రాజ్యాలు ఏమీ రాయలేదా? రాశాయి. మనకు బాగా తెలిసిన అశోకుడి పాఠమే తీసుకుందాం.

సుమారు క్రీ.పూ. 261లో కళింగ యుద్ధం జరిగింది. లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తరువాత నశించారని 13వ శాసనంలో అశోకుడే చెప్పుకున్నాడు. తాను చేసింది తప్పని ఒప్పుకొని, ఆ మాటను రాతి మీద చెక్కించిన రాజులు లోకంలో చాలా తక్కువ. ఈ గౌరవం ఆయనకు మనం ఇవ్వాల్సిందే. అయితే ఆ 13వ శాసనం కళింగ నేల మీద ఉన్న ధౌళిలో లేదు, జౌగడలోనూ లేదు. అక్కడ దాని బదులు అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించారు. ఎవరి ఊళ్లు కాలిపోయాయో వాళ్ల మధ్య ఆ పశ్చాత్తాపం నిలబడలేదు.

మన కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ల మీద పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. 13వ శాసనంలో పశ్చాత్తాపం తరువాత ఒక మాట వస్తుంది. పాఠ్యపుస్తకం దాన్ని వదిలేస్తుంది. తన రాజ్యంలోని అడవి జనాన్ని కూడా నచ్చజెప్పి దారికి తెచ్చుకుంటానని, పశ్చాత్తాపపడుతున్నా తన బలం తగ్గలేదని, తప్పులు మాని చావు తప్పించుకోవాలని రాజు అక్కడ హెచ్చరిస్తున్నాడు. అదే శాసనంలో సిరియా, ఈజిప్టు వైపు ఏలుతున్న ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు విడివిడిగా ఉన్నాయి. ఆంధ్రులు, భోజులు, పులిందులు అన్న పేర్లూ ఉన్నాయి. బెదిరించిన చోట మాత్రం ఒక తెగ పేరు గాని, ఒక పెద్ద పేరు గాని లేదు. ‘అటవి’ అన్న ఒక్క మాటే ఉంది. వేల మైళ్ల దూరంలోని రాజు పేరు తెలిసినవాడికి తన సొంత రాజ్యంలోని మనిషి పేరు అవసరం కాలేదు.

యుద్ధం మానుకున్న రాజుకు అడవి మీద అంత పట్టుదల ఎందుకు? సామ్రాజ్యానికి ఏనుగులు కావాలి, కలప కావాలి, తేనె, లక్క, తోళ్లు కావాలి, వర్తకుల బండ్లు పోవడానికి దారులు కావాలి. ఇవన్నీ అడవిలోనే ఉన్నాయి. కౌటిల్యుడి పేరుతో ఉన్న అర్థశాస్త్రం చదివితే ఇది బాగా తెలుస్తుంది. ఏనుగుల అడవికి కాపలా పెట్టాలి, ఏనుగును చంపినవాణ్ణి చంపాలి అంటుంది. దొంగల కన్నా అటవికులే రాజ్యానికి పెద్ద ముప్పు అని కూడా అంటుంది. కారణం ఏం చెప్పింది? వాళ్లకు సొంత దేశం ఉంది, వాళ్లు చాలామంది, ధైర్యవంతులు, చాటుమాటున కాక ఎదురుగా నిలిచి పోరాడతారు, రాజుల్లాంటివాళ్లు అని. మనల్ని లొంగదీయమని చెప్పడానికి రాసిన పుస్తకమే మనవాళ్లకు దేశం ఉందని సాక్ష్యం చెప్పింది.

ధర్మం సంగతి కూడా రెండు వైపులా చూడాలి. అశోకుడు దారుల వెంట చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు, మనుషులకూ పశువులకూ మందులు ఏర్పాటు చేశాడు, ఎదుటివారి మతాన్ని కించపరచవద్దన్నాడు. మనం ఇవి పిల్లలకు నేర్పుతాం, నేర్పాలి. కానీ 5వ స్తంభ శాసనంలో కొన్ని జంతువులను చంపకూడదని, కొన్ని రోజుల్లో చేపలు పట్టకూడదని, కారణం లేకుండా అడవికి నిప్పు పెట్టకూడదని ఉంది. కొండ మీద పోడు కొట్టి, చెత్త కాల్చి, ఆ బూడిదలో సామలు, కొర్రలు చల్లుకునే ఇంటికి ఈ ఆజ్ఞ ఎలా వినపడుతుంది? ఏది తగిన కారణమో తేల్చేది అధికారి. జీవుల మీద దయ మంచి మాటే. ఆ దయ పేరుతో అడవిలో బతికేవాడికి హద్దు గీసింది మాత్రం పాటలీపుత్రం.

అశోకుడి ఆజ్ఞలున్న ఒక స్తంభం అలహాబాదు కోటలో ఉంది. దాదాపు ఆరు వందల ఏళ్ల తరువాత అదే రాతి మీద సముద్రగుప్తుడి ఆస్థానకవి హరిషేణుడు ఆయన ప్రశస్తి రాశాడు. అందులో అడవి రాజులందరినీ సేవకులుగా చేసుకున్నాడని గొప్పగా చెప్పాడు. అంటే అశోకుడి బెదిరింపు తరువాత ఆరు వందల ఏళ్లకు కూడా అడవిలో రాజులున్నారు. లొంగినవాళ్ల గురించి మళ్లీ మళ్లీ రాయాల్సిన పని ఉండదు.

తరువాత తెల్లదొరలు వచ్చారు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. రాయి పోయి కాగితం వచ్చింది. 1922లో మన్యం ఎందుకు తిరగబడిందో ఈ చట్టాలు తెలియకపోతే అర్థం కాదు. చివరికి 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే, అడవిలో బతికే గిరిజనులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఆ ‘చారిత్రక’ అన్న మాట ఎంత దూరం వెనక్కి పోతుందో పిల్లలకు చెప్పాల్సింది మనమే.

అందుకని తోటి ఉపాధ్యాయులను ఒక్కటి కోరుతున్నాం. అశోకుడి పాఠం చెప్పే రోజు పుస్తకంలో లేని ఆ ఒక్క వాక్యాన్ని నల్లబల్ల మీద రాయండి. ఆ పక్కనే మన ఊరి కొండ పేరు, వాగు పేరు, పోడు చేసిన తాతల పేర్లు పిల్లల చేత రాయించండి. రాజు వదిలేసిన పేర్లు మనం కూడా వదిలేస్తే ఇంకెవరూ రాయరు.