పోలీసు అధికారుల ఉద్యోగవృత్తాంతములు - చారిత్రక ప్రామాణ్యము

పోలీసు శాఖలో చిరకాలము పనిచేసిన అధికారులు వ్రాసిన అనుభవవృత్తాంతములను పరిశోధకులు సామాన్యముగా రెండు విధములుగా చూచుచున్నారు. కొందరు వానిని కాలక్షేపమునకు చదువదగిన గ్రంథములుగా నెంచి ప్రక్కకు నెట్టుదురు. మరికొందరు, కన్నవాని మాటకంటె మించిన ప్రమాణ మేమున్నదని, అందలి ప్రతివాక్యమును యథాతథముగా స్వీకరింతురు. ఈ రెండు పద్ధతులును లోపభూయిష్టములే. మొదటిది అమూల్యమైన ఆధారమును పోగొట్టును. రెండవది అధికారి అభిప్రాయమునే చరిత్రగా నిలుపును.

ఇట్టి గ్రంథములకు ఇతర స్వీయచరిత్రలకు లేని విశేష మొకటి కలదు. వీనియందు కథకు లిద్దరుందురు. మొదటివాడు గ్రంథకర్తయైన అధికారి. రెండవవాడు ఆ అధికారి యెదుట నిలిచి వాఙ్మూలమిచ్చిన నిందితుడు. మొదటివాని పేరు గ్రంథముఖమున నుండును. రెండవవాని పలుకు గ్రంథగర్భమున నుండును. అధికారి కీర్తి ఆ పలుకుపై ఆధారపడును. నిందితుని ప్రాణము ఆ పలుకు అధికారికి రుచించుటపై ఆధారపడును. ఈ పరస్పరాధారమును గుర్తింపక ఇట్టి గ్రంథముల ప్రామాణ్యమును నిర్ణయింపరాదు. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన మూడు వృత్తాంతములను ఈ దృష్టితో పరిశీలించి, తెలుగుదేశ చరిత్రతో వానికి గల సంబంధమును సూచించుట ఈ వ్యాసోద్దేశము.

వీనిలో మొదట పేర్కొనదగినవాడు విలియం హెన్రీ స్లీమన్. ఇతడు 1788లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ మండలమున జన్మించి, 1809లో కంపెనీవారి బంగాళా సైన్యమున చేరెను. 1822 మొదలు 1824 వరకు నర్మదా ప్రాంతమందలి నరసింగపూరు జిల్లాను పాలించి, పిదప జబ్బల్పూరు ప్రాంతమున ఠగ్గులను పట్టుటలో ప్రసిద్ధుడయ్యెను. ఠగ్గులు బాటసారుల వేషమున తిరుగుచు, దారిలో కలిసిన ప్రయాణికులతో చెలిమి చేసి, అదను చూచి రుమాలుతో గొంతు బిగించి చంపి, శవములను పూడ్చి, సొత్తు పంచుకొనెడి ముఠాలు. 1830 అక్టోబరులో కలకత్తా లిటరరీ గెజెట్టున పేరులేని లేఖ యొకటి వెలువడినది. దానిని వ్రాసినవాడు స్లీమనే. వింధ్యాచలమందలి దేవీ ఆలయమునకును ఈ హంతకులకును సంబంధము కలదనియు, వీరు దేశమంతటను వ్యాపించినవారనియు ఆ లేఖ చాటినది. అది గవర్నరు జనరలు ప్రభుత్వము దృష్టి నాకర్షించెను. ఆ సంవత్సరాంతముననే ఫిరంగియా యను ప్రసిద్ధుడైన ఠగ్గు నాయకుడు పట్టుబడి అప్రూవరుగా మారెను. 1835లో స్లీమన్ ఈ కార్యమునకు సర్వాధికారియయ్యెను. 1836లో రెండు ఘటనలు జరిగినవి. ఠగ్గుల రహస్యభాషాపదములను, అప్రూవర్లతో తాను జరిపిన సంభాషణలను కూర్చి అతడు ‘రామసియానా’ యను గ్రంథమును ప్రకటించెను. ప్రభుత్వము ఆ సంవత్సరపు 30వ చట్టమును చేసెను.

స్లీమన్ పద్ధతిని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. అప్రూవర్లను వేరువేరుగా ప్రశ్నించి, ఒకని మాటను మరియొకని మాటతో సరిపోల్చెడివారు. ముఠాల వంశవృక్షములను వ్రాయించిరి. అన్నింటికంటె ముఖ్యముగా, అప్రూవర్లు చూపిన తావులను త్రవ్వించి శవములను బయటికి తీయించిరి. ఫలానా చెట్టుక్రింద ఇందరిని పాతితిమని యొకడు చెప్పగా, త్రవ్విన చోట అస్థులు లభించినచో, అది అధికారి కల్పన యనుటకు వీలులేదు. హత్యలు జరిగినవి, బాటసారులు మాయమైరి. ఠగ్గీ యనునది కేవలము ఆంగ్లేయుల కల్పన యని వాదించువారు ఈ అస్థుల సాక్ష్యమునకు సమాధానము చెప్పవలసియుండును.

అయితే అస్థులు చెప్పగలిగిన దింతవరకే. చంపినవారు ఒకే మతశాఖకు చెందినవారనియు, హత్య వారికి కులధర్మమనియు, ఆ ధర్మము తండ్రినుండి కొడుకునకు సంక్రమించుననియు అస్థులు చెప్పవు. ఈ భాగము వాఙ్మూలమునుండి వచ్చినది. వాఙ్మూలము ప్రశ్న వెంట నడచును. మాట పూర్తిగా చెప్పినవానికి ఉరి తప్పును. దాచిన సంగతి బయటపడినవానికి ఆ రక్షణ తొలగిపోవును. దేవి ఆజ్ఞవలననే చంపితిమనుట అప్రూవరునకు కొంత ఊరట, ప్రశ్నించిన అధికారికి కొంత వివరణ. ఇద్దరకును ప్రయోజనకరమైన సమాధానమును చరిత్రకారుడు ద్విగుణమైన జాగరూకతతో పరిశీలింపవలెను. కిమ్ వాగ్నర్ 2007లో ప్రకటించిన గ్రంథమున, ఠగ్గీని ఆనాటి రాజకీయ ఆర్థిక పరిస్థితులలో ప్రబలిన బందిపోటుతనముగా పరిశీలించి, హత్యల వాస్తవికతను అంగీకరించుచునే, వానికి కల్పింపబడిన మతస్వరూపమును ప్రశ్నించెను. ఈ మార్గమే సమంజసముగా తోచుచున్నది.

1836 నాటి చట్టమును ఈ సందర్భమున గమనింపవలెను. ఫలానా దినమున ఫలానావానిని చంపెనని ఋజువు చేయవలసిన పని యికలేదు. ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలినచో, చట్టము రాకపూర్వము చెందినవాడైనను, యావజ్జీవ కఠినశిక్ష విధింపవచ్చును. అనగా చేసిన పనికి బదులు ముఠాసంబంధమే నేరమయ్యెను. ఆ సంబంధమును నిర్ణయించునది అప్రూవరు మాట. దానిని గ్రంథస్థము చేసినది అధికారి కలము.

స్లీమన్ రచనలో మరియొక అంశము కలదు. తాను నరసింగపూరును పాలించిన దినములలో చిన్న దొంగతనముకూడ తనకు తెలియకుండ జరుగలేదని నమ్మితిననియు, కాని తన కచేరికి నాలుగువందల గజముల దూరమునగల కందేలీ గ్రామమున ఠగ్గులు కాపురముండిన సంగతియు, ఒక మజిలీ దూరమందలి మండేసూరు తోపులు శవములతో నిండియున్న సంగతియు ఆనాడు ఎరుగననియు అతడు చెప్పుకొనెను. ఇది వినయముగా కనబడును. కాని ఈ అజ్ఞాన ప్రకటనము వలననే తరువాతి ఆవిష్కారము మహత్తరమగుచున్నది. నిత్యము కనులయెదుట తిరుగు మనిషి కనబడనివాడైనప్పుడు, వానిని చూపగల అప్రూవరే దిక్కగును.

ఇట్టి అమరికయే రెండవ గ్రంథకర్తయైన ఫిలిప్ మెడోస్ టేలరునందును కలదు. ఇతడు 1808లో లివర్పూలులో జన్మించి, పదునారవ యేటనే నిజాము సైన్యమున ఉద్యోగమును సంపాదించెను. ఆ దశకము చివర హైదరాబాదు రాజ్యపు నైరృతి భాగమున పోలీసు అధికారిగా నుండెను. ఆ ప్రాంతమున జరుగుచున్న హత్యల రహస్యమును తాను దాదాపు కనుగొంటిననియు, ఇంతలో తన పటాలమునకు మరలవలసి వచ్చుటచే ఆ కీర్తి స్లీమనుకు దక్కెననియు స్వీయచరిత్రలో విచారము ప్రకటించెను. ఆ స్వీయచరిత్ర ఆయన మరణించిన మరుసటి యేట, 1877లో, కుమార్తె సంపాదకత్వమున వెలువడినది.

టేలరు విషయమున పరిశోధకునకు అరుదైన యవకాశమొకటి లభించుచున్నది. ఈ అనుభవమును ఆయన రెండుమార్లు చెప్పెను. 1839లో ప్రకటించిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను నవలలో అమీర్ అలీ యను అప్రూవరు మాటలాడును, సాహెబు వినును. తన చేతులమీదుగ 719 మంది మరణించిరని ఆ పాత్ర చెప్పుకొనును. కథలో అధికభాగము నిజమనియు, సంఘటనలను కలుపుటకు మాత్రమే కల్పన చేసితిననియు గ్రంథకర్త పీఠికలో చెప్పెను. స్వీయచరిత్రకు వచ్చుసరికి మాటలాడువాడు సాహెబే. అప్రూవర్లు పేరులేని గుంపుగా మారిరి. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, యౌవనమున అధికారి విన్న కంఠము వార్ధక్యమున వ్రాసిన ఉద్యోగవృత్తాంతములో ఎట్లు అణగిపోయెనో స్పష్టమగును. కల్పనారచన ఇచ్చట స్వీయచరిత్రకంటె ఉదారముగా నున్నది. కాని కల్పన ఎచట మొదలగునో చెప్పలేము గనుక దానిని సాక్ష్యముగా గ్రహించుట మరింత కష్టము.

మూడవ గ్రంథము దేశీయాధికారిది. గిరీశచంద్ర బసు 1853 మొదలు 1860 వరకు బంగాళమందలి నదియా జిల్లాలో దారోగాగా పనిచేసెను. ఆయన వంగభాషలో వ్రాసిన ‘సేకాలేర్ దారోగార్ కాహినీ’, అనగా ఆ కాలపు దారోగా కథ, 1888లో గ్రంథరూపము దాల్చెను. దీని విలువ గ్రహించుటకు దారోగా పదవి స్వరూపము తెలిసియుండవలెను. కారన్ వాలిస్ 1792లో ఏర్పరచిన పద్ధతి ననుసరించి దారోగాకు నెలజీతము 25 రూపాయలు. తిరిగి పట్టిన దొంగసొత్తులో పదియవ వంతును, శిక్షపడిన ప్రతి బందిపోటునకు పది రూపాయలును బహుమానము. జీతము స్వల్పము, నేరస్థుని చూపినచో ధనలాభము. నేర మొప్పుకొన్న మనిషి కావలెనను ఒత్తిడి ఈ ఏర్పాటులోనే కలదు. లంచమును బలాత్కారమును దారోగాల స్వభావదోషములుగా మాత్రమే చూచినచో ఈ మూలము మరుగుపడును.

గిరీశచంద్రుడు తన వర్గమువారి లంచగొండితనమును దాచలేదు. ఈ నిర్భీతికి కారణ మాయన స్వభావము మాత్రమే కాదు. 1861 నాటి ఐదవ చట్టముతో పాత దారోగా వ్యవస్థ అంతరించినది. గ్రంథము పేరులోని ‘ఆ కాలపు’ అను విశేషణమే దానికి సాక్షి. గతించిన వ్యవస్థను గూర్చి వ్రాయువానికి భయము లేదు. స్లీమన్ తన ఉద్యమము నడుచుచుండగా, దానికి చట్టబలము కావలసియున్నప్పుడు వ్రాసెను. టేలరు పేరుప్రతిష్ఠలను నిలుపుకొను వయస్సున వ్రాసెను. గిరీశచంద్రుడు ఉద్యోగమును వదలిన రమారమి మూడు దశాబ్దములకు గ్రంథమును వెలువరించెను. కావున వృత్తాంతము ఏ సంవత్సరపు సంఘటనను చెప్పుచున్నదను ప్రశ్నకు ముందే, ఏ సంవత్సరమున వ్రాయబడినదని ప్రశ్నింపవలెను.

ఈ గ్రంథములు వర్ణించు మార్గములు తెలుగువారికి అపరిచితములు కావు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్పూరు మీదుగా కాశికి పోయెను. స్లీమన్ లేఖ వెలువడినదియు, ఫిరంగియా పట్టుబడినదియు ఆ సంవత్సరమే. పరివారముతో కదలిన యాత్రికుడు మజిలీలను, బాటలను దినచర్యగా వ్రాసికొన్న ‘కాశీయాత్ర చరిత్ర’ను, ఆ బాటలపైననే నేరములను వెదకిన అధికారి రచనను జతపరచి పరిశీలించు పని మన పరిశోధక విద్యార్థులు చేపట్టదగినది.

తెలుగుదేశమందలి పోలీసు చరిత్రకు వృత్తాంతములకంటె ఫిర్యాదులు మిక్కిలి సహాయపడును. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలునకును, నేరాంగీకారమునకును జరుగుచున్న హింసను విచారించుటకు నియమింపబడిన సంఘము 1855లో నివేదిక సమర్పించెను. రెండు కొయ్యబద్దల నడుమ వ్రేళ్లను నొక్కు సాధనమును కిట్టి యనిరి; తెలుగున దానికి చిరత యని పేరు. రైతులు స్వయముగా వచ్చి చెప్పిన ఈ సంగతులు అధికారుల ఉద్యోగవృత్తాంతములలో వెదకినను అంత వివరముగా దొరకవు. 1859 నాటి 24వ చట్టముతో ఈ రాజధాని పోలీసు, రెవిన్యూ శాఖనుండి వేరుపడినది.

స్లీమన్ గ్రంథమునుండి తెలుగు గ్రామము వరకు సాగిన దారి మరియొకటి కలదు. నేరము వంశానుగతమను భావము 1871 నాటి నేరజాతుల చట్టమున స్థిరపడెను. మద్రాసు పోలీసు అధికారి ఫ్రెడరిక్ ముల్లాలీ 1892లో ఈ రాజధానియందలి నేరస్థవర్గములపై గ్రంథము ప్రకటించెను. ఉద్యోగానుభవము ఇట్లు జాతివర్ణనగా మారినది. 1911 చట్టముతో ఆ శాసనము మద్రాసునకును వర్తించెను. ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోసి వర్తకము చేసిన ఎరుకలవారి బ్రతుకుతెరువును రైలుమార్గములు, ఉప్పు విధానము దెబ్బతీసిన తీరును మీనా రాధాకృష్ణ 2001 నాటి గ్రంథమున వివరించిరి. పోలీసు గ్రంథములలో ఆ వర్తకము వెనుకకు పోయినది. దొంగతనమే ముందుకు వచ్చినది.

1904లో ఠగ్గీ, డెకాయిటీ శాఖ రద్దుకాగా, దాని స్థానమున కేంద్ర నేరపరిశోధక శాఖ ఏర్పడెను. దాని ప్రథమాధిపతి హెరాల్డ్ స్టూఅర్ట్. ఆయన పిదప మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడయ్యెను. 1913-14 ప్రాంతమున ఎరుకలవారికై సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నెలకొల్పబడిన స్థావరమునకు ఆయన పేరు పెట్టిరి. అదియే నేడు బాపట్ల జిల్లాలోనున్న స్టూఅర్టుపురము. స్లీమన్ కాలమున పుట్టిన శాఖకు వారసమైన శాఖను నడిపిన అధికారి పేరు ఒక తెలుగు ఊరికి నిలిచిపోయినది. ఆ చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. కాని ఊరిపేరు చెప్పిన మాత్రమున మనిషిని శంకించు అలవాటు చట్టముతోపాటు రద్దు కాలేదు.

పై పరిశీలనమువలన మూడు సూత్రములు తేలుచున్నవి. పోలీసు అధికారి వృత్తాంతమును గ్రహించునపుడు, అది వ్రాయబడిన కాలమున అధికారికి కావలసినదేమో మొదట తెలిసికొనవలెను. అధికారి కన్నదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేరుచేయవలెను; త్రవ్వగా దొరికిన అస్థి, వాఙ్మూలమందలి వాక్యము, వంశధర్మమను సిద్ధాంతము ఒకే తూకమున తూగవు. చివరగా, వాఙ్మూలమిచ్చినవాని స్థితిని, అతడు దానివలన పొందినదానిని, పోగొట్టుకొన్నదానిని విచారింపవలెను. ఈ మూడింటిని పాటించినచో ఈ గ్రంథములు ఉత్తమాధారములే. పాటింపనిచో, నూరేండ్లనాటి విచారణ గదిలో పుట్టిన మాటను మనము తరగతి గదిలో మరల తీర్పుగా చదివినవారమగుదుము.