త్సేరెన్స్‌డోర్ఫ్‌లో 206 మంది

మొదటి ప్రపంచయుద్ధంలో పరాయి నేలమీద ప్రాణాలు విడిచిన భారతీయ సైనికుల గురించి మాట్లాడేటప్పుడు ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్, ఇరాక్‌లోని బస్రా, ఇజ్రాయెల్‌లోని హైఫా పేర్లు ముందుగా వస్తాయి. బెర్లిన్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో పైన్ చెట్ల అడవిలో ఉన్న త్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానం సంగతి ఎవరూ ఎత్తరు. అక్కడ 206 మంది భారతీయుల సమాధులున్నాయి. వీళ్లు యుద్ధరంగంలో కూలినవాళ్లు కారు, శత్రువు చేతికి చిక్కి ఖైదీలుగా పోయినవాళ్లు. బతికున్నన్నాళ్లూ వీళ్లను తమవైపు లాక్కోవడానికి సామ్రాజ్యాలు పోటీపడ్డాయి. పోయాక వీళ్ల రాళ్లను ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న దగ్గర ఆ ఆత్రం కనబడదు. ఈ శ్మశానం వందేళ్ల కథలో నన్ను కలవరపెట్టేది అదే.

కథ 1914లో మొదలవుతుంది. లాహోర్, మీరట్ డివిజన్లు ఆ ఏడాది సెప్టెంబరు చివరి నుంచి ఒకదాని వెనక ఒకటి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. అక్టోబరు గడవకముందే పంజాబీలను, గఢ్వాలీలను, పఠాన్లను, గూర్ఖాలను బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ కందకాల్లోకి దింపారు. ఆ చలికాలం పోరుల్లో, తర్వాత 1915 మార్చిలో నవ్ షపెల్ దగ్గర కొందరు జర్మన్లకు పట్టుబడ్డారు. సైనికులే కాదు, యుద్ధం ప్రకటించిన రోజుల్లో జర్మన్ రేవుల్లో ఉన్న బ్రిటిష్ ఓడల మీది భారతీయ కళాసీలూ బందీలయ్యారు. తుపాకీ పట్టుకోని ఆ ఓడ కూలీలు ఏ పోరాటంలోనూ లేరు. ఓడ లంగరు వేసిన చోటే వాళ్ల నేరమైంది.

ఖైదీలను ఒకచోట చేర్చడం వెనక పెద్ద రాజకీయం ఉంది. 1914 నవంబరులో ఆటోమన్ సుల్తాన్ జిహాద్ ప్రకటించాడు. బ్రిటిష్, ఫ్రెంచ్, రష్యన్ సేనల్లోని ముస్లిం సైనికులను తిరగబడేలా చేయవచ్చని బెర్లిన్‌లో మాక్స్ ఫాన్ ఓపెన్‌హైమ్ అనే ప్రాచ్య నిపుణుడు వాదించాడు. ఆ లెక్కతోనే త్సోసెన్ పట్టణం పక్కన వ్యూన్స్‌డోర్ఫ్‌లో నెలవంక పేరుతో ఒక ఖైదీల శిబిరం వెలసింది. ఉత్తర ఆఫ్రికా అరబ్బులు, భారతీయులు అక్కడ ఉండేవారు. దగ్గరలోనే ఉన్న మరో శిబిరం రష్యా సైన్యపు తాతార్లది. 1915 జులైలో రంజాన్ మొదలయ్యేవేళకు నెలవంక శిబిరంలో చెక్కతో కట్టిన మసీదును తెరిచారు. జర్మన్ నేల మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అది. పండుగలు జరుపుకోనిచ్చారు, మతాచారాలను పాటించుకోనిచ్చారు. హిందువులనూ సిక్కులనూ అదే శిబిరంలో ఉంచారు, ఎందుకంటే బ్రిటిష్‌వాళ్ల మీదికి వాళ్లనూ తిప్పాలన్నది పథకం. వాళ్లకోసం ‘హిందోస్తాన్’ అనే పత్రికను ఉర్దూ, హిందీల్లో అచ్చువేశారు.

ఈ పని జరిపించినవారిలో హైదరాబాదు బిడ్డ ఒకడున్నాడు. నిజాం కళాశాలతో పేరు ముడిపడిన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ కొడుకు, సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. 1880లో హైదరాబాదులో పుట్టి, ఐసీఎస్ కోసం లండన్ వెళ్లి, విప్లవకారుడై, 1914లో బెర్లిన్‌లో భారత స్వాతంత్ర్య కమిటీని నిలబెట్టినవాడు. ఆ కమిటీ మనుషులు శిబిరానికి వెళ్లి ఖైదీలతో మాట్లాడేవారు. కాబూల్‌కు బయల్దేరిన జర్మన్ బృందంతో కొద్దిమంది అఫ్రీదీలు వెళ్లారు. అంతకుమించి ఫలితం దక్కలేదు. చట్టో దేశభక్తిని శంకించడానికి నాకు మనసొప్పదు. కానీ ముళ్లకంచె లోపల ఉన్నవాణ్ని కంచె బయట నిలబడి స్వాతంత్ర్యానికి పిలవడం ఎంత కష్టమో ఆయన ఊహించలేదేమో. చట్టో చివరి కథ ఇంకా విషాదం: 1937లో సోవియట్ దేశంలో స్టాలిన్ ప్రక్షాళనల్లో ఆయన్ని కాల్చి చంపారు.

ఖైదీల దగ్గరికి పండితులూ వచ్చారు. 1915లో ఏర్పడిన ప్రష్యా రాజ్య ఫోనోగ్రాఫిక్ కమిషన్ జర్మనీలోని శిబిరాలు తిరిగి దాదాపు 250 భాషలు, మాండలికాలు రికార్డు చేసింది. విల్‌హెల్మ్ డోగెన్ యంత్రం పట్టుకుని వస్తే, సంస్కృత పండితుడు హైన్రిఖ్ ల్యూడర్స్ వంటివారు భారతీయుల మాటలు పరిశీలించారు. వాళ్లకు కావలసింది ఉచ్చారణ, వ్యాకరణం. ఖైదీలకు కావలసింది వేరు. 1916 డిసెంబరు 11న ఫిరోజ్‌పూర్ జిల్లాకు చెందిన మల్ సింగ్ యంత్రం ముందు నిలబడి తన కథే ఎవరిదో కథలా చెప్పాడు. హిందూస్తాన్‌లో వెన్న తిని పాలు తాగిన మనిషి ఒకడుండేవాడని, ఇంగ్లీషువాళ్ల కొలువులో చేరాడని, ఐరోపా యుద్ధంలో చిక్కుకున్నాడని, తిరిగి వెళ్తే మళ్లీ ఆ తిండి తింటాడని, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడని. నిమిషంన్నర పట్టే మాట. భాషాశాస్త్రం కోసం పెట్టిన గొట్టంలోంచి మనిషి తన బెంగను బయటికి పంపుకున్నాడు. ఇంకొకరు దయ్యాల గురించి చెప్పారు, ఇంకొకరు పాట పాడారు. పాడినవారిలో జస్‌బహదూర్ రాయ్ అనే గూర్ఖా యువకుడు ఆ తర్వాత శిబిరంలోనే చనిపోయి త్సేరెన్స్‌డోర్ఫ్ మట్టిలో చేరాడు. ఆ పాట ఇప్పటికీ ఉంది.

మల్ సింగ్ భయం ఉత్తది కాదు. బ్రాండెన్‌బుర్గ్ చలి, యుద్ధకాలపు అరకొర తిండి, ఇరుకు గదులు కలిసి క్షయను తెచ్చిపెట్టాయి. చావులు పెరగడంతో 1917 వసంతంలో భారతీయుల్లో ఎక్కువమందిని కాస్త వెచ్చని వాతావరణం ఉంటుందని రొమేనియాకు తరలించారు. అప్పటికే శిబిరాలకు దగ్గరగా, త్సేరెన్స్‌డోర్ఫ్ దగ్గర శ్మశానం నిండుతూ ఉంది. తాతార్లు, ఉత్తర ఆఫ్రికావాళ్లు, భారతీయులు పక్కపక్కనే. సైన్యాలుగా ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడని మనుషులు ఆ నేలలో ఇరుగుపొరుగయ్యారు.

యుద్ధం ముగిశాక జర్మనీ అంతటా చెల్లాచెదురుగా ఉన్న బ్రిటిష్ సమాధుల్ని నాలుగు శాశ్వత శ్మశానాల్లోకి చేర్చాలని 1922-23లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ నిర్ణయించింది. త్సేరెన్స్‌డోర్ఫ్ భారతీయుల్ని మాత్రం పూడ్చినచోటే ఉంచింది. హోదా, జాతి, మతం చూడకుండా అందరికీ సమానమైన రాయి ఉండాలని 1918లో ఫ్రెడరిక్ కెన్యన్ ఇచ్చిన నివేదిక కమిషన్‌కు మూలసూత్రం. సూత్రం గొప్పదే. ఐరోపాలో చాలావరకు పాటించారు కూడా. బస్రాకు వచ్చేసరికి కథ మారింది: అక్కడి స్మారకంలో భారతీయ అధికారుల పేర్లు చెక్కి, ముప్పై వేలకు పైబడిన సాధారణ సిపాయిలను రాతి మీద సంఖ్యగా వదిలేశారు. ఇలాంటి వివక్ష విస్తృతంగా జరిగిందని కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ లెక్కన త్సేరెన్స్‌డోర్ఫ్ వాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు పేర్లు దక్కాయి. అయితే ఆ పేర్లు నిలబడిన నేల వాళ్లది కాదు.

అది సైనిక నేల. శిబిరంలోని మసీదు 1930 నాటికి నేలమట్టమైంది. నాజీల కాలంలో వ్యూన్స్‌డోర్ఫ్ జర్మన్ భూసేనల ప్రధాన స్థావరమై, భూగర్భంలో మైబాఖ్, జెపెలిన్ బంకర్లు లేచాయి. 1945 తర్వాత అదే చోట తూర్పు జర్మనీలోని సోవియట్ సేనల కేంద్రం కూర్చుంది. మాస్కోకు రోజూ రైలు నడిచేంత పెద్ద సోవియట్ పట్టణం తయారైంది. శ్మశానం శిక్షణా మైదానం పరిధిలో పడింది. సాధారణ జర్మన్లకే ప్రవేశం లేని చోటికి లండన్ నుంచి తోటమాలి ఎలా వస్తాడు? రాళ్లు విరిగాయి, కొన్ని మాయమయ్యాయి, పొదలు కమ్ముకున్నాయి.

అప్పుడు కమిషన్ చేసిన పని తెలుసుకోదగ్గది. సమాధుల్ని కాపాడలేమని తేలాక, 1964లో నవ్ షపెల్ స్మారకానికి ఒక కంచు ఫలకం చేర్చి, త్సేరెన్స్‌డోర్ఫ్‌లో ఉన్న 210 మంది పేర్లు దాని మీద పోతపోయించింది. నవ్ షపెల్ స్మారకం హెర్బర్ట్ బేకర్ రూపకల్పన. పశ్చిమ రంగంలో సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో 1927లో తెరిచారు. జర్మనీలో సమాధులున్నవాళ్ల పేర్లు ఫ్రాన్స్‌లో, సమాధి లేనివాళ్ల సరసన చేరాయి. ఇప్పుడు కమిషన్ లెక్క 206. కంచు మీద 210. ఆ నాలుగు పేర్ల తేడా చిన్నదనిపించవచ్చు. ఆ నలుగురి ఇళ్లకు అది చిన్నది కాదు.

జర్మనీ ఏకమయ్యాక, 1994లో రష్యన్ సేనలు వెళ్లిపోయాకే ఆ అడవిలోకి దారి తెరుచుకుంది. శిక్షణా నేల గనక పేలని గుండ్ల ముప్పు ఉంది. దాన్ని దాటుకుని కమిషన్ శ్మశానాన్ని పునరుద్ధరించింది. కొత్త రాళ్లు నిలబెట్టి 2005లో మళ్లీ అంకితం చేసింది. హిందువుల రాళ్లకు దేవనాగరి, సిక్కుల రాళ్లకు గురుముఖి, ముస్లింల రాళ్లకు అరబిక్ లిపి. ఆ 206 మందికి ఇవాళ మూడు నాలుగు దేశాలు వారసులు. వాళ్లు బయల్దేరేనాటికి పాకిస్తాన్ లేదు. గూర్ఖాల్లో చాలామందిది నేపాల్.

2015లో వ్యూన్స్‌డోర్ఫ్‌లో శరణార్థుల కోసం కేంద్రం కట్టబోతూ ముందుగా తవ్విచూస్తే పాత మసీదు అవశేషాలు బయటపడ్డాయి. ఆ వీధి పేరు ఇప్పటికీ మసీదు వీధే. బంకర్లు చూడటానికి యాత్రికులు వస్తారు, పాత పుస్తకాల దుకాణాల కోసం వస్తారు. శ్మశానం దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటుందని నా నమ్మకం. గొంతు రికార్డు చేసిన ప్రతి ఖైదీ గురించీ అప్పటి పండితులు పేరు, పుట్టిన ఊరు, భాష, మతం, వృత్తి కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితాలు, రికార్డులు బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. సమాధుల రిజిస్టరు కమిషన్ దగ్గర ఉంది. ఈ రెండింటినీ పేరు పేరునా సరిపోల్చి, ఎవరి గొంతు దొరుకుతుందో ఆ గొంతును వాళ్ల ఊరికి పంపాలి. విని అర్థం చేసుకోగలిగినవాళ్లు, ఆ ఊరు ఏదో, ఆ ఇంటిపేరు ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఫిరోజ్‌పూర్‌లో, గఢ్వాల్‌లో, డార్జిలింగ్‌లో, పెషావర్‌లో ఉన్నారు. ఈ పనికి ముందుగా పిలవవలసింది వాళ్లనే.