వలందపాలెం నుంచి హిరాడో దాకా

మా గన్నవరం వాళ్ళకి బందరంటే కలెక్టరాఫీసు. లేదంటే తొక్కుడు లడ్డు. చిన్నప్పుడు నాకు అంతకు మించి తెలీదు. ఊళ్ళో విమానాశ్రయం పెట్టుకుని, ఒక్క సంతకం కోసం గుడివాడ, పెడన మీదుగా బస్సులో పడి బందరు పోవాలేంట్రా అని మా నాన్న విసుక్కునేవాడు. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది, మేం మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాం. అంటే బెజవాడ విమానాశ్రయం బెజవాడ జిల్లాలో లేదన్నమాట. మా కలెక్టరు ఇప్పటికీ బందర్లోనే. సరే, అది వేరే గొడవ.

ఆ బందరు గురించి నాకేమీ తెలీదని మొదటిసారి సిగ్గేసింది జపాన్లో. కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ మీద ఫుకువోకలో ఉండగా, ఒక ఆదివారం మా టీం లీడు నన్ను హిరాడో అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. క్యూషూకి వాయవ్యం మూల, నాగసాకి పరిధిలో, ఒక దీవి మీద ఉంటుంది. మధ్యలో సన్నటి సముద్రపు పాయ, దాని మీద ఎర్రటి వంతెన. ఆ వంతెన 1977లో కట్టారు. మనకి 1977 అంటే ఇంకోటి గుర్తొస్తుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

హిరాడో రేవులో నీళ్ళ పక్కనే తెల్లటి పెద్ద గిడ్డంగి ఒకటుంది. డచ్చి వాళ్ళు 1609లో ఈ ఊళ్ళో కొట్టు పెట్టారు. 1639లో ఈ రాతి గిడ్డంగి కట్టి, దాని మీద క్రీస్తుశకం సంవత్సరం చెక్కించారు. క్రైస్తవమంటే మండిపడుతున్న షోగును ప్రభుత్వం ఆ అంకెలు చూపించి 1640లో మొత్తం కూలగొట్టించింది. 1641లో డచ్చి వాళ్ళని నాగసాకి దగ్గర దెజిమాకి తరలించింది. ఇప్పుడున్నది 2011లో పాత కాగితాలు వెతికి, పునాదులు తవ్వి మళ్ళీ కట్టింది. ఒక్క తేదీ ఫార్మాటు వల్ల ప్రాజెక్టు మొత్తం ఎగిరిపోవడం అక్కడే మొదలయినట్టుంది!

అక్కడ మా లీడు "మీరు తెచ్చిన గుడ్డలే కదా ఇక్కడ దిగింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వాళ్ళ అమ్మగారు టీ గురువు. టీ సామాను చుట్టుకునే చిన్న చిన్న సంచులకి పాత ఇండియా అద్దకం గుడ్డ వాడతారట, దాన్ని సరసా అంటారట. ఒక అంగుళం ముక్క కూడా పారెయ్యరు. హికోనే ప్రభువులు దాచుకున్న సరసా ముక్కలు నాలుగు వందలకు పైగా ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. "మీది ఆ తీరమే కదా?" అని ఫోన్లో మ్యాపు తీశాడు. నేను గన్నవరం చూపించాను. ఆయన వేలు అక్కణ్ణుంచి కిందికి జరిపి సముద్రం దగ్గర ఆపాడు. బందరు.

తిరిగొచ్చాక కూర్చుని చదివితే తెలిసింది. హిరాడోలో కొట్టు పెట్టడానికి ముందే, 1605-06లో, డచ్చి వాళ్ళు బందర్లో దిగారు. ఇంగ్లీషు వాళ్ళు 1611లో 'గ్లోబ్' అనే ఓడ మీద బందరు వచ్చారు, 1613లో హిరాడో చేరారు. అవే రెండు కంపెనీలు, అవే పదేళ్ళు. మొలక్కాస్ దీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే అక్కడి వాళ్ళు వెండి కంటే మన తీరం గుడ్డే ఎక్కువ అడిగేవాళ్ళు. అందుకని ముందు గుడ్డ కొనాలి, గుడ్డ ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొనాలి. కోరమాండల్ తీరం లేకపోతే డచ్చి వాళ్ళ వ్యాపారంలో మొదటి మెట్టే లేదు. తిరుగు దారిలో జపాను రాగి ఈ తీరానికి వచ్చి అమ్ముడయ్యేది.

మరి బందరే ఎందుకు? గోల్కొండ నవాబులకి సముద్రం మీదికి అదే పెద్ద గుమ్మం. పారసీకంలో బందరు అంటేనే రేవు. కాబట్టి మనం 'బందరు పోర్టు' అంటే 'ఏటీఎం మెషీన్' అన్నట్టే. వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో పర్షియా నుంచి గోల్కొండ సుల్తాను ఓడ మీదే ఇక్కడ దిగాడు. ఆ ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళే దారే దాదాపుగా మన 65వ నంబరు జాతీయ రహదారి.

ఇంకో కారణం మట్టి. ఎర్ర రంగుకి వాడే చిరివేరు గవ్వల సున్నం కలిసిన తీరపు ఇసక నేలల్లో బాగా పండుతుంది, రంగు చిక్కగా దిగుతుంది. కరక్కాయ, గేదె పాలలో గుడ్డ నానబెట్టి, పటికతో అచ్చు వేసి, చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలబడుతుంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు. యూరపు వాళ్ళకి అప్పటికి ఆ విద్య రాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్ కూడా 'మసాలియా' అనే మన ప్రాంతాన్ని గుడ్డ గురించే చెబుతుంది.

అదే మట్టి ఇంకో పని కూడా చేసింది. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు వల్ల సముద్రం దూరం దాకా లోతు ఉండదు. పెద్ద ఓడలు నాలుగైదు మైళ్ళ అవతల లంగరు వేసుకుంటే, సరుకంతా చిన్న పడవల్లో కాలవలోంచి మోసుకెళ్ళాలి. హిరాడోలో గిడ్డంగి మెట్లు దిగితే లోతు నీళ్ళు. బందర్లో మెట్లు దిగితే బురద. ఓడలకి చోటు లేని రేవు మూడొందల ఏళ్ళు రాజ్యమేలిందంటే, ఆ గుడ్డకి ఎంత గిరాకీ ఉండి ఉండాలో ఆలోచించండి.

మెల్లగా అందరూ వేరే చోట్లు చూసుకున్నారు. 1640లో ఫ్రాన్సిస్ డేతో కలిసి మద్రాసు కోట మొదలుపెట్టిన ఆండ్రూ కోగన్ అంతకు ముందు బందరు కొట్టు పెద్ద. 1641లో ఇంగ్లీషు వాళ్ళ ముఖ్య స్థావరం కూడా మద్రాసు వెళ్ళిపోయింది. మద్రాసు మనదా కాదా అని మనవాళ్ళు కొట్టుకున్నారు గానీ, బందరు పిల్ల అని ఎవరూ అన్నట్టు లేదు.

1759 సంగతి మాత్రం చెప్పాలి. అప్పటికి బందరు కోట ఫ్రెంచి వాళ్ళది. చుట్టూ బురద, అటు నుంచి ఎవరూ రారని ధీమా. ఏప్రిల్ 7 రాత్రి కల్నల్ ఫోర్డు మనుషుల్లో కొందరు ఆ బురదలోంచే నడిచారు, మిగతావాళ్ళు ఇంకోవైపు నుంచి గోడ ఎక్కారు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుకున్నవాళ్ళ కంటే పట్టుబడినవాళ్ళే ఎక్కువ. సలాబత్ జంగ్ చేసేదేం లేక మే నెలలో ఇంగ్లీషు వాళ్ళకి బందరు చుట్టుపక్కల సీమ రాసిచ్చాడు. ప్లాసీ గురించి బళ్ళో రెండు మార్కుల ప్రశ్న ఉంటుంది. మన కోస్తా చేతులు మారిన ఈ రాత్రి గురించి నేను ఒక్క ముక్క కూడా చదువుకోలేదు.

ఊరి నడుం విరిగింది మాత్రం 1864 నవంబరు 1 రాత్రి. పదమూడు అడుగుల ఉప్పెన మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చి దాదాపు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాత దండు కూడా ఎత్తేశారు. ఇక్కడ మళ్ళీ అదే మట్టి సంగతి. తుఫాను గాలి నీళ్ళని తీరం వైపు తోసేటప్పుడు సముద్రం లోతు ఎంత తక్కువైతే ఉప్పెన అంత ఎత్తు లేస్తుంది. ఓడల్ని దూరంగా ఆపిన లోతులేనితనమే నీళ్ళని ఊళ్ళోకి తెచ్చింది.

1977 నవంబరు 19న దివిసీమలోనూ అంతే. ప్రభుత్వం లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. మా అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ వైపు. ఆవిడ ఎవరి పుట్టినరోజూ తారీఖుతో చెప్పేది కాదు. ఉప్పెనకి ముందు ఏడాది, ఉప్పెన తర్వాత మూడో నెల, ఇలాగే. మా మేనమామ వయసు ఎంతో ఇప్పటికీ మాకు ఆ లెక్కలోనే తెలుసు. హిరాడో వంతెన కట్టింది ఆ ఏడాదే అని తెలిసినప్పుడు ఎందుకో కాసేపు ఏమీ చదవబుద్ధి కాలేదు.

ఇక పోర్టు. 2008లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు. ఈసారి మాత్రం పనులు నిజంగానే మొదలయ్యాయి. రావాలనే నా కోరిక. కానీ సముద్రాన్ని తవ్వి లోతు చేసుకోవాలి, తవ్విన కాలవ మళ్ళీ పూడకుండా ఎప్పటికీ తవ్వుతూనే ఉండాలి. అంటే కట్టడం కంటే మెయింటెనెన్సే పెద్ద పని. మన ఫీల్డులో వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు కలెక్టరాఫీసులో పని చూసుకుని వలందపాలెం వెళ్ళాను. వలందా అంటే హాలండు. పరాసుపేటలో పరాసు అంటే ఫ్రెంచి వాడు. ఇంగ్లీషుపాలెం సరే సరి. మూడు దేశాలు మూడు పేటలై మిగిలాయి. ఆటో అతన్ని "వలందా అంటే ఏంటి బాబాయ్?" అని అడిగితే, "పేరండీ, అంతే" అన్నాడు. తప్పేముంది, ముప్పై ఏళ్ళొచ్చేదాకా నాకూ అంతే. తర్వాత డచ్చి సమాధులు చూశాను. పదిహేడో శతాబ్దపు రాళ్ళు, వాటి మీద వంశ చిహ్నాలు, చుట్టూ చెక్కిన అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫోటోలు మా పాత లీడుకి పంపాను. అరగంటలో జవాబు. ఆ ఎర్ర రంగు వేరు ఇప్పటికీ వాడుతున్నారా, వాళ్ళ అమ్మగారు అడుగుతున్నారట.

వచ్చేటప్పుడు పెడనలో ఆగి అద్దకం చేసే పెద్దాయన్ని అడిగాను. "ఇప్పుడంతా అలిజరినే బాబూ. చిరివేరు తవ్వేవాళ్ళేరీ? కరక్కాయ మాత్రం ఇప్పటికీ వేస్తాం" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఆయనకి రాసేసి, అక్కడే ఎర్ర పూల తీగ వేసిన గుడ్డ మూడు మీటర్లు కొన్నాను. మర్నాడు జపాను పార్సెల్ ఫారం నింపుతూ సరుకు ఏ ఊరిదన్న చోట మచిలీపట్నం అని రాస్తుంటే మా ఆవిడ చూసి, "విజయవాడ అని రాయండి, మచిలీపట్నం అంటే అక్కడ ఎవరికి తెలుస్తుంది?" అంది.